కొండల్లో చక్రాల కాపురం

అమెరికా వెళ్ళొచ్చినవాళ్ళు నయాగరా గురించి రాస్తారు, డిస్నీలాండ్ గురించి రాస్తారు. అవేవీ నేను చూడలేదు. మా చెల్లెలి పురుడుకని 2023 మే నెలలో వెళ్ళి అక్టోబరు దాకా డెన్వర్ దగ్గర దాని ఇంట్లోనే ఉన్నాను. పసిపిల్లకి నీళ్ళు పోయడం, బాలింతకి పథ్యం వండటం, గుడ్డలు మడతపెట్టడం.... వీటితోనే నెలలు ఇట్టే గడిచిపోయాయి. అయితే సెప్టెంబరు మొదట్లో ఒక నాలుగు రోజులు మాత్రం వేరే ఇంట్లో ఉన్నాను. ఆ ఇల్లు ఏ ఊళ్ళో ఉంది అని అడిగితే చెప్పలేను. ఎందుకంటే దానికి ఆరు చక్రాలున్నాయి!

అక్కడివాళ్ళు దాన్ని ఆర్.వీ. అంటారు. రిక్రియేషనల్ వెహికిల్ అన్నది పూర్తి పేరు. మనకి తెలిసేలా చెప్పాలంటే ఇంటిబండి. ఇందులో చాలా రకాలున్నాయి. ఆర్టీసీ బస్సంత పొడుగువి, చిన్న వ్యాను లాంటివి, కారు వెనక తగిలించుకుని లాక్కెళ్ళే పెట్టెల్లాంటివి. నేనున్నది మధ్య రకం. 26 అడుగుల పొడవు, 8 అడుగుల వెడల్పు. ముందు నుంచి చూస్తే వ్యాను మొహం, దాని నెత్తిన చూరులా పొడుచుకొచ్చిన అర, అందులో ఒక పడక. లోపల మూడు పొయ్యిల గ్యాస్ స్టవ్, చిన్న ఫ్రిజ్, సింకు, ఎదురుగా నలుగురు కూర్చునే బల్ల. రాత్రయితే ఆ బల్లని కిందికి దించి పైన పరుపులు పరిస్తే అదే మంచం. వెనక దంపతుల మంచం. మధ్యలో బీరువా అంత గదిలో స్నానం, టాయిలెట్టు. అంతే ఇల్లు! మా తణుకు ఇంట్లో వంటిల్లూ కొట్టుగదీ కలిపితే ఇంతకన్నా పెద్దవే.

ఈ ఇంటివాళ్ళు 74 ఏళ్ళ పెద్దాయన, 71 ఏళ్ళ పెద్దావిడ. ఆయన హైస్కూల్లో పిల్లలకి వడ్రంగం నేర్పే మాస్టారుగా చేసి రిటైరయ్యారు. ఆవిడ పళ్ళ డాక్టరు దగ్గర లెక్కలు రాసేది. 2016లో ఉన్న ఇల్లు అమ్మేసి బండెక్కారు. ఆ ఇల్లు కొన్నది మా చెల్లెలూ మరిదిగారూ. అలా పరిచయం. వేసవంతా రాకీ కొండల్లో, చలికాలం అరిజోనా ఎడారిలో తిరుగుతూ ఏడేళ్ళు గడిపేశారు.

అక్కడ పెద్దా చిన్నా అందర్నీ పేరు పెట్టి పిలుస్తారు. మా చెల్లెలు కూడా ఆవిణ్ణి అలాగే పిలుస్తుంది. తల్లి వయసున్న ఆవిణ్ణి అలా పిలవడానికి నాకు నోరు రాలేదు. "ఆంటీ" అన్నాను. ఆవిడ నవ్వి ఊరుకుంది. రెండో రోజుకల్లా ఆవిడ నన్ను "అక్కా" అనడం మొదలుపెట్టింది. చెల్లెలు పిలుస్తుంటే విని అదే నా పేరనుకుంది పాపం!

ఆగస్టులో మొదటిసారి వచ్చారు, పసిపిల్లని చూడటానికి. పెద్దావిడ తన పాత వంటింట్లో నిలబడి చుట్టూ చూసింది. గోడకి పసుపు రంగు వేశారే, బాగుందంది. పెరట్లో తను నాటిన ఆపిల్ చెట్టు దగ్గరకెళ్ళి, ఎండు కొమ్మొకటి విరిచి పక్కన పెట్టింది. నేను ఆవిడ మొహం కేసే చూస్తున్నాను. కళ్ళు చెమర్చలేదు సరికదా, మనిషి తేలిగ్గా ఉంది. ముప్ఫై ఏళ్ళు వండిన వంటిల్లు ఇంకొకరి చేతిలో ఉంటే మనం ఆ గుమ్మం తొక్కగలమా? ఈ మాట అడగాలని నా నాలిక చివరే ఉంది. కానీ నా ఇంటర్మీడియెట్ ఇంగ్లీషులో అడిగితే వేరే అర్థం వస్తుందేమోనని ఊరుకున్నాను.

ఆవిడే పిలిచింది, మాతో కొండల్లోకి రమ్మని. రాకీ మౌంటెన్ నేషనల్ పార్కులో గ్లేసియర్ బేసిన్ అనే చోట మూడు రాత్రులకి జాగా దొరికిందట. ఆ పార్కులో బండి నిలుపుకునే జాగా కావాలంటే ఆరు నెలల ముందు కంప్యూటర్లో బుక్ చేసుకోవాలి. మన తిరుపతి దర్శనం టికెట్ల లాగా తెరిచిన కాసేపటికే అయిపోతాయి. చెల్లెలు వాళ్ళు పసిపిల్లతో కింద ఎస్టెస్ పార్క్ ఊళ్ళో లాడ్జిలో దిగారు. "వదినగారూ, మీరు మాత్రం బండిలోనే ఉండండి, ఇలాంటి అవకాశం మళ్ళీ రాదు" అన్నారు మరిదిగారు. నిజమే అనిపించింది.

గ్లేసియర్ బేసిన్ 8,500 అడుగుల ఎత్తు. మన ఊటీ 7,350 అడుగులు. అంటే ఊటీ కన్నా ఇంకా వెయ్యి అడుగుల పైన! చుట్టూ దేవదారు జాతి చెట్లు, వాటి మీదుగా మంచు చారలున్న కొండలు. ఒక్కో బండికీ ఒక్కో జాగా, పక్కన ఒక చెక్క బల్ల, నెగడు వేసుకునే ఇనప చట్రం. కరెంటు ఉండదు. అక్కడక్కడ మంచినీటి కొళాయి ఉంటుంది గానీ బండికి గొట్టం తగిలించుకునే వీల్లేదు. స్నానాల గదులు కూడా లేవు. మనతో తెచ్చుకున్న నీళ్ళు, మన బ్యాటరీలో ఉన్న కరెంటు, మన సిలిండర్లో ఉన్న గ్యాసు.... వాటితోనే సంసారం.

ఇక నీళ్ళ సంగతి చెప్పాలి. బండి కింద మూడు ట్యాంకులుంటాయి. మంచినీళ్ళది ఒకటి, దాదాపు 150 లీటర్లు పడుతుంది. అంట్లు కడిగిన నీళ్ళు, స్నానం నీళ్ళు చేరేది రెండోది. టాయిలెట్టుది మూడోది. మొదటిది ఖాళీ అయినా, మిగతా రెండూ నిండినా సంసారం ఆగిపోతుంది. అందుకని పెద్దావిడ కంచాలని ముందు కాగితంతో శుభ్రంగా తుడిచేసి, ఆ తరవాత రెండు గిన్నెల నీళ్ళలోనే అన్నీ కడిగేసేది. స్నానానికి నాకు షవర్ ఎలా వాడాలో నేర్పబోయింది. ఒళ్ళు తడుపుకుని కట్టేయాలి, సబ్బు రుద్దుకుని మళ్ళీ తిప్పాలి. నాకు షవర్ వద్దు, చిన్న బకెట్టూ ఒక చెంబూ ఉంటే చాలన్నాను. చెంబు లేదు, కాఫీ మగ్గు ఇచ్చింది. ఏడెనిమిది లీటర్లలో తలార స్నానం చేసి బయటికొస్తే మీటరు చూసి ఆశ్చర్యపోయింది. మొగుణ్ణి పిలిచి మరీ చూపించింది! మున్సిపాలిటీ కొళాయి రెండ్రోజులు రాకపోయినా ఇల్లు నడిపేవాళ్ళం, మనకిదొక లెక్కా?

వంట మాత్రం అంత తేలిగ్గా లొంగలేదు. ఎత్తుకి వెళ్ళేకొద్దీ గాలి ఒత్తిడి తగ్గి, నీళ్ళు తక్కువ వేడికే మరిగిపోతాయి. మన దగ్గర 100 డిగ్రీలకి మరిగే నీళ్ళు డెన్వర్లో 95కే మరుగుతాయి, గ్లేసియర్ బేసిన్లో సుమారు 91కే. చూడ్డానికి తెర్లుతూనే ఉంటాయి, పప్పు మాత్రం గింజ గింజగా అలాగే ఉంటుంది. పెద్దావిడ చిక్కుళ్ళు ముందు రాత్రి నానబెట్టి, పొద్దుటి నుంచి మధ్యాహ్నం దాకా ఉడకబెట్టేది. గ్యాసంతా దానికే! నేను మా చెల్లెలింటి నుంచి మూడు లీటర్ల ప్రెషర్ కుక్కర్ పట్టుకెళ్ళాను. తణుకులో మూడు కూతలు చాలు, డెన్వర్లో ఐదు, అక్కడ ఏడు. కందిపప్పు వెన్నలా ఉడికింది. మొదటి కూతకి పెద్దాయన కుర్చీలోంచి లేచి తలుపు దాకా వెళ్ళారు, పేలుతుందేమోనని.

పప్పులో పోపు పెట్టగానే ఇంకో గోల. ఎండుమిరపకాయ ఘాటుకి పొగ అలారం కుయ్యోమని మొత్తుకుంది. ఆ తరవాత నుంచి పోపు బయట చెక్క బల్ల మీద, చిన్న స్టవ్ పెట్టుకుని. అయితే ఎలుగుబంట్లున్న చోటు కదా, వండిన గిన్నె గానీ నూనె సీసా గానీ ఒక్క నిమిషం బయట వదిలేయకూడదు. ఆఖరికి టూత్‌పేస్టు, సబ్బు కూడా బండిలో పెట్టి తలుపులు మూయాల్సిందే. పార్కు వాళ్ళ నిబంధన అది. నేను తీసుకెళ్ళిన మాగాయ సీసాకి అరగజం దూరంలో ఎప్పుడూ ఎవరో ఒకరం కాపలా! పెద్దాయనకి మాగాయ నచ్చలేదు. పప్పన్నంలో నెయ్యి మాత్రం మూడుసార్లు వేయించుకున్నారు.

బండి ఎక్కే ముందు ఏమేం వదిలేశారని ఆవిణ్ణి అడిగాను. ఈ ప్రశ్న అడగడానికి ఇంగ్లీషు అక్కర్లేకపోయింది, అలమర తెరిచి చూపిస్తూ అడిగితే అర్థమైంది. అందులో నాలుగు కంచాలు, నాలుగు గ్లాసులు, ఒక ఇనప మూకుడు, రెండు గిన్నెలు. అంతే. పియానో చర్చికి ఇచ్చేసిందట. తల్లి నాటి పింగాణీ సామాను కోడలికి పంపించింది. బట్టలు, పుస్తకాలు, పండక్కి పెట్టే అలంకారాలు అన్నీ పెరట్లో బల్లలు వేసి రెండు శనివారాలు అమ్మారు. అర డాలరుకీ డాలరుకీ జనం పట్టుకుపోతుంటే చూడలేక ఆవిడ లోపలికెళ్ళి పడుకుందట. మొదటి ఆరు నెలలూ రోజూ ఏడిచానని దాచుకోకుండా చెప్పింది. తల్లి కుట్టిన బొంత ఒకటి, ఫోటోల పెట్టె ఒకటి మిగిలాయి. బండి ఇంత బరువే మోయాలని లెక్క ఉంటుంది కాబట్టి ఇప్పుడు కొత్త వస్తువు ఒకటి లోపలికొస్తే పాతది ఒకటి బయటికి పోవాలి. నాకు వెంటనే మా అటక గుర్తొచ్చింది. ఎప్పుడో మా అత్తగారి పెళ్ళినాటి ఇత్తడి గుండిగలు, మూతల్లేని స్టీలు క్యారేజీలు, పాడైన మిక్సీలు రెండు....

పనులు మాత్రం ఇద్దరూ పంచుకున్నారు. వంట ఆవిడది, అంట్లు ఆయనవి. ఊడవడానికి రెండు నిమిషాలు చాలు. మన మగవాళ్ళకి రిటైరయ్యాక ఇల్లు పెద్దది కావడం వల్ల దాక్కోవడానికి వీలుంటుంది, పేపరు పట్టుకుని వరండాలోకి పోతారు. 26 అడుగుల ఇంట్లో ఎక్కడికి పోతారు చెప్పండి! అలాగే అలగడానికీ వీల్లేదు. వేరే గది ఉంటే కదా తలుపు వేసుకోవడానికి. కోపమొస్తే ఏం చేస్తారని అడిగితే, ఒకరు వెళ్ళి చెట్ల కింద నడిచొస్తారట. వాన పడితే? వాన వెలిసే దాకా కోపం ఆపుకోవాలి అంది.

డబ్బు లెక్క కూడా అడిగాను, ఆడవాళ్ళం కదా. కొత్త బండి అయితే లక్ష డాలర్ల పైమాటే. వీళ్ళు పాతది కొన్నారు. పెట్రోలు బాగా తాగుతుంది, లీటరుకి నాలుగు కిలోమీటర్లు వస్తే గొప్ప. అందుకని ఒకచోట ఆగితే వారం, పది రోజులు కదలరు. ప్రభుత్వ అడవుల్లో చాలాచోట్ల రెండు వారాల దాకా ఊరికే ఉండొచ్చు. అరిజోనాలో క్వార్ట్‌సైట్ అనే చోట ఎడారి ప్రభుత్వ భూమిలో సెప్టెంబరు నడుమ నుంచి ఏప్రిల్ నడుమ దాకా, ఏడు నెలలకి వీళ్ళు కట్టింది 180 డాలర్లే. నేషనల్ పార్కులకి 62 ఏళ్ళు నిండినవాళ్ళకి జీవితాంతం చెల్లే పాసుంది. ఒకప్పుడు 10 డాలర్లు, 2017లో 80 చేశారు. అది చూపిస్తే పార్కుల్లో బండి నిలిపే రుసుము కూడా చాలాచోట్ల సగమే. పిల్లల దగ్గరికి వెళ్ళి గ్రీన్‌కార్డు మీద ఉంటున్న మన పెద్దవాళ్ళకి కూడా ఈ పాసు ఇస్తారు. సగం మందికి తెలియదు, అందుకే రాస్తున్నాను.

ఇల్లు లేనివాళ్ళకి ఉత్తరాలెలా వస్తాయి? సౌత్ డకోటా రాష్ట్రంలో ఒక్క రాత్రి ఉన్నట్టు రసీదు చూపిస్తే ఇలా తిరిగేవాళ్ళకి డ్రైవింగు లైసెన్సు ఇస్తారట. అక్కడ ఉత్తరాలు అందుకుని, ఎక్కడుంటే అక్కడికి పంపించే ఏజెన్సీలున్నాయి. వీళ్ళ అడ్రసు అదే. ఆ ఊళ్ళో వీళ్ళు మొత్తం మీద ఉన్నది మూడు రోజులు!

ఇదంతా చదివి ఇంటిబండ్లలో ఉండేవాళ్ళందరూ ఇలా సరదాకే తిరుగుతారనుకోవద్దు. 2008లో అక్కడ ఇళ్ళ ధరలు కూలిపోయినప్పుడు ఇల్లు, దాచుకున్న డబ్బు పోగొట్టుకుని బండ్లలోకి మారిన ముసలివాళ్ళు ఎందరో ఉన్నారు. వాళ్ళ మీదే నోమాడ్‌ల్యాండ్ అని 2017లో పుస్తకం వచ్చింది, 2020లో సినిమా తీస్తే ఆస్కార్ కూడా ఇచ్చారు. మన పెద్దావిడ, పెద్దాయన కూడా రెండు వేసవులు ఒక అడవిలో క్యాంపుకి కాపలాదారులుగా చేశారు. జాగా ఊరికే ఇస్తారు, బదులుగా టాయిలెట్లు కడగాలి, నెగళ్ళలో బూడిద ఎత్తాలి. మా పక్కవాళ్ళకి అది సరదా కాదు, తిండి అంది ఆవిడ. వాళ్ళ పక్క బండిలో 76 ఏళ్ళ విధవరాలు ఒంటరిగా ఆ పని చేసేదట.

రెండో రోజు మధ్యాహ్నం దాకా ఎండ ఫెళ్ళున కాసింది. పన్నెండింటికి కొండల వెనక నుంచి మబ్బులు లేచాయి. రాకీల్లో వేసవి మధ్యాహ్నాలు చాలాసార్లు ఇంతేనట. ఉరుములు, చిన్న వడగళ్ళు, తరవాత విడవని వాన. నేను కిటికీ దగ్గర కూర్చుని పకోడీలుంటే ఎంత బాగుండునో అనుకుంటున్నాను. పెద్దావిడ మాత్రం గోడకున్న మీటరు కేసి చూసి, ఒక నోటు పుస్తకంలో అంకెలు రాస్తోంది. మనం పాలచీటీ రాసుకున్నట్టు!

అప్పుడు తెలిసింది అసలు సంగతి. పెద్దాయనకి ఊపిరితిత్తుల జబ్బు. పగలు ఎలాగో నడిచిపోతుంది, ఈ ఎత్తులో రాత్రి మాత్రం ఆక్సిజన్ యంత్రం పెట్టుకోకుండా పడుకోకూడదు. ఆ యంత్రం సుమారు 300 వాట్లు లాగుతుంది. రాత్రి ఎనిమిది గంటలంటే దాదాపు రెండున్నర యూనిట్లు. బండి మీదున్న సోలార్ పలకలు ఎండకి బ్యాటరీ నింపితేనే ఆ రెండున్నర యూనిట్లూ. వాళ్ళ దగ్గరున్నది బయట పెట్టి నడిపే చిన్న జనరేటరు, వానలో వేయకూడదు. ఎండగా ఉన్నా ఆ క్యాంపులో పొద్దున కొన్ని గంటలు, సాయంత్రం కొన్ని గంటలే వేయనిస్తారు.

ఆ సాయంత్రం వాన వెలియలేదు. పెద్దావిడ ఒక్కొక్కటే ఆర్పేసింది. దీపాలు, నీళ్ళ పంపు, చివరికి హీటరు. హీటరు గ్యాసుదే గానీ దాని ఫ్యాను బ్యాటరీ మీద తిరుగుతుంది. బయట మూడు డిగ్రీల చలి. తల్లి కుట్టిన ఆ బొంత తెచ్చి నామీద కప్పింది. నేను వద్దంటే వినలేదు. మెలకువ వచ్చి చూస్తే రెండయింది. చిన్న టార్చిలైటు చేతిలో పట్టుకుని మీటరు ముందు నిలబడి ఉంది. వెనక మంచం నుంచి యంత్రం గుస్సు.... గుస్సు.... మంటోంది. మళ్ళీ నాలుగింటికి లేచింది. నేను పడుకున్నట్టే నటించాను. పురిటి గదిలో తల్లి ఊపిరి చూసుకోవడానికి లేచినట్టు లేచింది, ఏమని పలకరిస్తాను?

తెల్లారేసరికి బ్యాటరీలో పావు వంతు కన్నా తక్కువ మిగిలింది. జనరేటరు వేయనిచ్చే టైము కాగానే మొదటి శబ్దం మా బండిదే. కాఫీ పోస్తూ ఆయనతో చెప్పింది, వచ్చే ఏడాది నుంచి కరెంటు లేని చోటికి రాను, ఇంత ఎత్తుకీ రాను అని. గట్టిగా కూడా అనలేదు. ఆయన చాలాసేపు మాట్లాడలేదు. ఈ కొండల్లోనే పెళ్ళయిన కొత్తలో గుడారం వేసుకుని ఉన్నారట ఇద్దరూ. చివరికి, అయితే రేపు వెళ్ళేటప్పుడు పై దారిన వెళ్దామన్నారు.

ఇంకో విషయం చెప్పడం మరిచాను. బండి నడిపేది ఆవిడే. 2021 దాకా ఆయన నడిపేవారు. దగ్గు తెర వస్తే స్టీరింగు చెయ్యి జారుతోందని ఆవిడ 69వ ఏట నేర్చుకుంది. కారు ఎప్పటి నుంచో వచ్చు, ఇంత పెద్దది రాదు. ఆదివారాలు బడి ఆవరణ ఖాళీగా ఉన్నప్పుడు ఆయన కింద నిలబడి చేతులు ఊపుతుంటే వెనక్కి నడపడం నేర్చుకుందట. ఇంత సైజు బండికి వేరే లైసెన్సు కూడా అక్కర్లేదు. స్కూటీ మీద మార్కెట్‌కి వెళ్తేనే మావారు వీధి మలుపు దాకా చూస్తూ నిలబడతారు. ఆవిణ్ణి చూశాక ఏమనాలో నాకు తోచలేదు.

పై దారి అంటే ట్రైల్ రిడ్జ్ రోడ్డు. 1932లో తెరిచారు. దాని ఎత్తైన చోటు 12,183 అడుగులు. మన కేదార్‌నాథ్ సుమారు 11,750. అక్కడికి మా అత్తగారూ మావగారూ 2011లో డోలీలో వెళ్ళొచ్చి ఇప్పటికీ కథలుగా చెప్తారు. నేను కేదార్‌నాథ్ కన్నా పైకి, వంటింట్లో గిన్నెలు గలగలమంటుండగా, బల్ల దగ్గర కూర్చుని వెళ్ళాను! చెట్లు క్రమంగా పొట్టివై, మరుగుజ్జులై, సుమారు 11,400 అడుగుల పైన అసలే లేవు. గడ్డి, నాచు, గోరంత పూలు. చాలాచోట్ల రోడ్డుకి గోడ కూడా లేదు, అంచు తరవాత ఆకాశమే. పెద్దావిడ మాట్లాడటం మానేసింది. పెద్దాయన ముక్కుకి గొట్టం పెట్టుకుని, ఒళ్ళో చిన్న ఆక్సిజన్ యంత్రంతో పక్క సీట్లో కూర్చుని కిటికీలోంచే చూస్తున్నారు. పైన ఆగింది పది నిమిషాలు. పదంటే పదే, గడియారం చూసుకుని మరీ. ఆయన దిగి రెయిలింగు పట్టుకుని నిలబడ్డారు. ఆవిడ దిగలేదు. ఇంజను ఆపకుండా స్టీరింగు దగ్గరే కూర్చుంది.

అక్కడి నుంచి కొంచెం దిగితే మిల్నర్ పాస్ అనే కనుమ వస్తుంది. అక్కడ కురిసిన వానలో ఇటు పడిన చుక్క మిసిసిపీలో కలిసి తూర్పు వైపు, అటు పడిన చుక్క కొలరాడో నదిలో కలిసి పడమటి వైపు పోతుందట. మా గోదావరి కూడా అంతే కదా, త్ర్యంబకంలో పుట్టి, పక్కనే ఉన్న అరేబియా సముద్రాన్ని కాదని మా దాకా నడిచొస్తుంది. ఇంకా కిందికి దిగాక కొలరాడో నది చూపించారు. పిల్లకాలువ! చీర కుచ్చెళ్ళు ఎత్తిపట్టి దాటేయొచ్చు. అదే నది 1,450 మైళ్ళు పోతుంది, గ్రాండ్ కాన్యన్ని తొలిచిందీ అదే. అయితే దారిలో నీళ్ళన్నీ పొలాలకీ ఊళ్ళకీ మళ్ళించుకోవడంతో ఇప్పుడు చాలా ఏళ్ళు సముద్రం దాకా చేరడమే లేదు.

గ్రాండ్ లేక్ ఊరి దగ్గర కొండ వాలు వాలంతా నల్లటి మోడులు. 2020 అక్టోబరులో వచ్చిన కార్చిచ్చుకి కాలిపోయిన అడవి. ఆ మంట చెట్లు లేని కొండ శిఖరాల్ని కూడా దాటి అవతల వైపు పడిందట. కాపలాదారులుగా ఉన్నప్పుడు వీళ్ళు సెలవు రోజుల్లో వచ్చి కూర్చునే చోటు అక్కడెక్కడో ఉంది, గుర్తుపట్టలేకపోయారు.

బెర్తూడ్ పాస్ మీదుగా డెన్వర్ వైపు దిగడం ఎక్కడం కన్నా కష్టం. ఏ గేరులో ఎక్కుతామో ఆ గేరులోనే దిగాలి, బ్రేకు మీద కాలు ఉంచేస్తే కాలిపోతుందని పెద్దాయన మెల్లగా చెప్తుంటే ఆవిడ అలాగే దింపింది. మా ముందు పోయే కారు నుంచి మాడు వాసన వచ్చింది, మా బండి నుంచి రాలేదు. వెనక కార్లు హారన్ కొట్టినా ఆవిడ పట్టించుకోలేదు. వీలున్న చోట పక్కకి తీసి వాటిని వెళ్ళనిచ్చింది.

ఒహాయోలో ఉన్న కొడుకు తనతో వచ్చి ఉండమంటున్నాడు. వాళ్ళ పిల్లలు తల్లిదండ్రుల్ని వదిలేస్తారని మన పేరంటాల్లో చెప్పుకుంటాం గానీ, ఆ అబ్బాయి రోజూ సాయంత్రం ఫోను చేస్తాడు. క్యాంపులో సిగ్నల్ అందక, రెండు రోజులు ఎంత కంగారుపడ్డాడో. ఆవిడే ఒప్పుకోవడం లేదు. టెక్సాస్‌లో లివింగ్‌స్టన్ అని ఒక ఊరుంది. ఇంటిబండి వాళ్ళ సంఘం ఎస్కేపీస్ 1978లో మొదలైంది, వాళ్ళు అక్కడ ఒక కేంద్రం పెట్టారు. ఇక తిరగలేని స్థితి వస్తే బండిని అక్కడే నిలుపుకుని అందులోనే ఉండొచ్చు, భోజనం, పగటిపూట చూసుకునే మనుషులు ఉంటారు. ఆవిడ ఒకసారి వెళ్ళి చూసొచ్చింది కూడా. ఆయనకింకా చెప్పలేదట. నాకు చెప్పింది, ట్యాంకులు ఖాళీ చేసే చోట చేతికి రబ్బరు తొడుగులు వేసుకుని గొట్టం తగిలిస్తూ. ఆ పని కూడా ఇదివరకు ఆయనదే.

చెల్లెలింటి ముందు నన్ను దింపినప్పుడు కుక్కర్ ఆవిడకే ఇచ్చేశాను. చెల్లెలు ఇంకొకటి కొనుక్కుంటుందిలే. తను వద్దంది, ఒకటి లోపలికొస్తే ఒకటి బయటికి పోవాలి కదా అని. కాసేపు అలమర ముందు నిలబడి, చిక్కుళ్ళు ఉడకబెట్టే పెద్ద గిన్నె తీసి మా చెల్లెలి చేతిలో పెట్టింది.

నేను అక్టోబరులో వచ్చేశాను. 2024 సంక్రాంతి రోజుల్లో వాళ్ళు క్వార్ట్‌సైట్ నుంచి ఫోటో పంపారు, ఎడారిలో కుర్చీలు వేసుకుని కూర్చున్నారు. ఆ వేసవి పై కొండలకి వెళ్ళలేదు. ఫోర్ట్ కాలిన్స్ పక్కన, 5,000 అడుగుల ఎత్తులో, కరెంటున్న క్యాంపులోనే గడిపారు. దూరంగా కొండలు కనిపిస్తాయట. బండి అమ్మలేదు. చెల్లెలి ద్వారా నన్ను ఒకటే అడిగింది, కుక్కర్ గాస్కెట్ సాగిపోయి ఆవిరి పోతోంది, ఏ సైజు కొనాలో అక్కని అడిగి చెప్పమని.